భీమశంకరం కప్పిన శాలువా

మా పైవాటాలో ఉండే జయంతిని అందరం మెతక మనిషి అనుకునేవాళ్లం. భర్త పోయినా ఇండియా వెళ్లిపోకుండా అమెరికాలో ఈ పార్సిప్పనీ ఊళ్లోనే ఉండిపోయింది. భీమశంకరం నడిపే కన్సల్టింగ్ కంపెనీలో పేరోల్, అంటే జీతాల లెక్కలు చూసేది. అతను ఆమెను "అక్కా" అని పిలిచేవాడు. ఆ పిలుపుకే కరిగిపోయి పండగలకు ఆఫీసుకి పులిహోర కూడా మోసుకెళ్లేది, పిచ్చి తల్లి!

ఉన్నట్టుండి ఒకరోజు ఆఫీసులో కేకు, పూలదండ, మైకు. భీమశంకరానికి మైకు దొరికితే కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. కళ్లు తుడుచుకుంటూ ఉపన్యాసం దంచి, ఎర్ర శాలువా కప్పి, రేపటినుంచి రానక్కర్లేదని పంపేశాడు. ఆ వీడియోను తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో తనే పెట్టుకున్నాడు. సంఘానికి అధ్యక్షుడు కదా మరి!

జయంతి అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి క్లెయిమ్ పెట్టుకుంది; ఉద్యోగంలోంచి తీసేసినవాళ్లకే రాష్ట్రం ఇచ్చే భృతి అది. మరో ఉద్యోగం దొరికేదాకా ఇంటద్దె కట్టడానికి ఆమెకు అదొక్కటే ఆధారం. రాష్ట్రం వాళ్లు ఇవ్వం పొమ్మన్నారు. ఆమె తనంతట తానే మానేసిందని కంపెనీ చెప్పిందట, సాక్ష్యంగా శాలువా ఫోటో పంపిందట! జయంతి నా ఎదుటే స్పీకర్ పెట్టి భీమశంకరానికి ఫోన్ చేసింది.

"ఏంటక్కా, దండ వేయించుకుని, నవ్వుతూ ఫోటో దిగావు. రిటైర్ అయినట్టే కదా!" అన్నాడు. "నీకు క్లెయిమ్ వస్తే నా కంపెనీ కట్టే టాక్స్ రేట్ పెరుగుద్ది. మనలో మనకి గొడవలెందుకు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. జయంతి మాత్రం నెమ్మదిగా ఫోన్ పెట్టేసి, "వీణ్ని వదలను మీనాక్షిగారూ" అంది.

గడువులోపలే అప్పీల్ చేసింది. ఆ వీడియో పంపింది. విచారణ ఫోన్లోనే; తెలుగు అనువాదకురాలు కావాలని అడిగింది.

"నీకు ఇంగ్లీష్ వచ్చుగా?" అన్నాను.

"నాకొచ్చు. వాడి ఉపన్యాసానికి రాదు."

విచారణ రోజు ఆమె పక్కనే కూర్చున్నాను. "షీ రిటైర్డ్, మేడమ్" అని భీమశంకరం ధీమాగా మొదలుపెట్టాడు. విచారణాధికారిణి వీడియో పెట్టించింది. "మా అక్కకి వెళ్లడం ఇష్టం లేదు! ఏడ్చింది! ప్రాజెక్టులు పోయాయి, గుండె రాయి చేసుకుని నేనే తీసేస్తున్నాను!" అంటూ అతని గొంతు మోగింది. అనువాదకురాలు ఒక్కో మాటనూ చప్పగా ఇంగ్లీషులో అప్పజెప్పింది. ఆ గొంతు మీదేనా అని అధికారిణి అడిగింది. కాసేపు దగ్గు. తర్వాత "యెస్, మేడమ్". నా ప్రాణం లేచొచ్చింది!

తీర్పు జయంతి వైపే వచ్చింది. ఇక వదిలెయ్యమన్నాను.

"అద్దె బెంగ తీరింది. కడుపుమంట తీరలేదండీ" అంది.

సంఘం ఉగాది వేడుకకి నన్నూ లాక్కెళ్లింది. భీమశంకరం ఉపన్యాసం మధ్యలో ఉండగా శాలువా పట్టుకుని స్టేజీ ఎక్కింది. రాజీకొచ్చింది కాబోలనుకుని అతను మెడ వంచాడు. ఆమె శాలువా కప్పి, మైకు అందుకుంది.

"ఇది తమ్ముడు నాకు కప్పిన శాలువాయే. దీన్ని కప్పించుకుని ఫోటో దిగినవాళ్లు తమంతట తామే మానేసినట్టని రాష్ట్ర ప్రభుత్వానికి చెప్పాడు. అందుకని మన అధ్యక్షుడుగారు ఇవాళ్టితో మానేస్తున్నారు. చప్పట్లు కొట్టండి!"

హాల్లో సగం మంది అతని దగ్గర పనిచేసి బయటపడ్డవాళ్లే. కొట్టారు, చేతులు మండేలా కొట్టారు!

ఫోటో నేనే తీశాను. గ్రూపులో పెట్టిందీ నేనే.