బ్రేకత్త వాయిదాలు

మా మేనత్త కారు నడపడం నేర్పేది. ఆమె కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉండేది. దాన్ని నొక్కే అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో ఎవరైనా గబగబా మెట్లు దిగుతుంటే ఆమె కుడికాలు తనంతట తనే నేలను నొక్కేది. అందుకే పిల్లలందరం బ్రేకత్త అనేవాళ్ళం. ఆమె పోయి ఏడాది కావస్తోంది. తలుచుకున్నప్పుడల్లా నాకు ముందు కనిపించేది కోర్టు వరండాలో, బల్ల మీద, నిటారుగా కూర్చున్న అత్తే.

నేర్పడంలో ఆమెకొక పట్టింపు ఉండేది. ఇంజను ఆగిపోతే, ఆపినవాళ్ళే మళ్ళీ కదిలించాలి. వెనక ఎన్ని హారన్లు మోగినా తను చెయ్యి వెయ్యదు. ఒక్కసారి లాక్కుంటే వాళ్ళు జన్మలో స్టీరింగు పట్టుకోరనేది. ఒకరోజు పెద్ద కూడలి నడిమధ్యలో, కొత్తగా నేర్చుకుంటున్న ఒక దర్జీ ఆవిడ చేతిలో కారు ఆగింది. కూడలిలోకి వచ్చింది పచ్చ లైటు మీదే. ఆవిడ తాళం తిప్పుతుండగానే ఎర్ర లైటు పడింది. అత్త మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని, నింపాదిగా మళ్ళీ తిప్పమని చెబుతూ కూర్చుంది. ట్రాఫిక్ పోలీసు వచ్చి, సిగ్నల్ జంప్ చేశారని, నేర్పేవాళ్ళదే బాధ్యతని, అత్త పేరు మీద చలానా రాశాడు.

కట్టేస్తే గొడవ వదిలిపోయేదే. కానీ కట్టడమంటే తప్పు ఒప్పుకోవడం, ఒప్పుకుంటే నేర్పే లైసెన్సు రద్దు. కట్టకుండా పోరాడితే, కేసు తేలేదాకా లైసెన్సు రెన్యూవల్ ఆగుతుంది. అత్త పోరాడతానంది.

మొదటి వాయిదాకు పోలీసు రాలేదు. తర్వాతి దానికి మేజిస్ట్రేటు సెలవు. ఆ పైన ఫైలు వేరే గదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఈలోగా లైసెన్సు గడువు తీరింది. కారు ఇంటి ముందు దుమ్ము కొట్టుకుపోయింది. నేర్చుకునేవాళ్ళు ఒక్కొక్కరే వేరే చోటు చూసుకున్నారు. ఆ చలానా ఏదో కట్టి పారేసి ఇంకో పని చూసుకోమని మామయ్య నచ్చజెప్పాడు.

"ఇంకో పని నాకు రాదు. వచ్చినా చెయ్యను" అంది.

కోర్టు గుమాస్తాకు ఆమె బాగా అలవాటైపోయింది. ఒకసారి నవ్వుతూ, "మీకూ ఇక్కడో కుర్చీ వేయించమంటారా అమ్మా?" అన్నాడు.

"కుర్చీ వద్దు బాబూ, విచారణ వేయించు."

చివరిసారి నేనూ తోడు వెళ్ళాను. పోలీసు మళ్ళీ రాలేదు. గుమాస్తా కొత్త తేదీ చదివి, తర్వాతి కేసు పిలిచాడు. అత్త నిలబడ్డచోటు నుంచి కదల్లేదు. ఇంకా ఏమిటని మేజిస్ట్రేటు తలెత్తాడు.

"ప్రతి వాయిదాకూ నేను వచ్చానండీ. రానిది మీవైపు వాళ్ళు. ఇవాళ వినండి, లేకపోతే కొట్టేయండి. ఇంకో తేదీ మాత్రం నేను తీసుకోను."

ఆయన విసుగ్గా ఫైలు తిరగేశాడు. తిరగేస్తున్నకొద్దీ ఆ విసుగు ఆమె మీది నుంచి ఫైలు మీదికి మళ్ళింది. సరే, కొట్టేస్తున్నాను, వెళ్ళమన్నాడు. అత్త వెళ్ళలేదు. ఎందుకు కొట్టేశారో కూడా రాయమంది. ఊరికే వదిలేశారంటే, కాళ్ళావేళ్ళా పడి బయటపడిందని లైసెన్సు ఆఫీసులో అనుకుంటారంది.

"మీరు సిగ్నల్ దాటారో లేదో మాత్రం తేలలేదమ్మా" అన్నాడాయన.

"తేల్చమనే కదండీ ఇన్నాళ్ళూ తిరిగాను."

గుమాస్తా దగ్గినట్టు నటించాడు. మేజిస్ట్రేటు కలం తీసి రాశాడు: ఎన్ని వాయిదాలిచ్చినా సాక్ష్యం చెప్పాల్సిన పోలీసు రాలేదని, ఆలస్యంలో ఈమె తప్పేమీ లేదని.

ఆ కాగితంతో అటునుంచి అటే లైసెన్సు ఆఫీసుకు వెళ్ళాం. కౌంటరు వెనకున్నాయన గడియారం చూసి, రేపు రమ్మన్నాడు. అత్త గోడవారనున్న స్టూలు లాక్కుని సరిగ్గా ఆయనకెదురుగా వేసుకుంది.

"ఇక్కడే కూర్చుంటానండీ. మీ పని కానివ్వండి, నాకు అలవాటే."

ఆయన ఆమె వంక ఒకసారి, ఆ కాగితం వంక ఒకసారి చూసి, ముద్ర కోసం సొరుగు లాగాడు.