టైలరమ్మ విమానం పాయింట్లు

ఇస్త్రీపెట్టె కింద ఒక పెద్దమనిషి కోటు కాలరు మాడి కొట్టంతా కమురు వాసన కొడుతుంటే, టైలరమ్మ ఫోనులో విమానం పాయింట్లు కొంటోంది. కొనడం పూర్తయ్యాకే ఇస్త్రీపెట్టె పైకి తీసింది.

"పాయింట్లేమిటే?" అన్నాడు భర్త, కాజాలు కుడుతున్నవాడల్లా తలెత్తి.

"విమానం కంపెనీవాళ్ళు చవగ్గా అమ్ముతున్నారండీ. వాటితో టిక్కెట్టు తీసుకుంటే సగం ఖర్చుతో మా చెల్లి దేశం వెళ్ళొచ్చు."

"అంటే కంటికి కనపడని సరుకు కొన్నావన్నమాట! గౌను పార్సిల్ చేస్తే పోయేదిగా?"

గౌనంటే చెల్లెలి కూతురి పెళ్ళి గౌను. ఫోనులో చెప్పిన కొలతలతో టైలరమ్మే కుట్టింది. పార్సిల్లో పంపేయమని ఇంటిల్లిపాదీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. మనిషికి తొడిగి చూడకుండా ఆవిడ ఇంతవరకూ ఏ బట్టా కొట్టు గడప దాటించలేదు. పరాయివాళ్ళకి చేసిన ఆ కాస్త మర్యాదా సొంత పిల్లకి చెయ్యొద్దంటే ఊరుకుంటుందా?

"పెళ్ళినాడు పిల్ల నడుం దగ్గర ముడత పడితే మీ పార్సిలువాడొచ్చి సరిచేస్తాడా?" అంది.

ఆయన ఫోను లాక్కుని చూశాడు. ఆ పాయింట్లతో రానూపోనూ టిక్కెట్టు అప్పటికే ఖాయమైపోయింది. అయినా ఖాతాలో ఇంకా బోలెడు పాయింట్లున్నాయి. ఇక దొరికిపోయిందనుకుని ఆయన మొహం వెలిగింది.

"కావలసినదానికన్నా ఎక్కువ కొన్నావేం? దండగ కాదూ?"

"గౌనుకి కుట్టు లోపల కాస్త ఎక్కువ గుడ్డ వదిలినట్టే వదిలానండీ, మళ్ళీ వెళ్ళాలనిపించినప్పుడు విప్పుకోవడానికి."