రిజిస్టరులో పన్నెండో పేరు

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. ఎవరైనా ఆ మాటలు చెబితే నవ్వేదాన్ని. ఇప్పుడు రాసేది కూడా దయ్యం కథ అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. పొదుపు సంఘంలో వేలిముద్ర వేసి వేసి విసిగిపోయి, మా కోడలి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఆ చదువుతోనే పని దొరికింది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే దారిలో, డీజిలు పంపే పైపులైనుకు కొత్త స్టేషన్ కడుతున్నారు. అక్కడ గేటు దగ్గర రిజిస్టరు రాయడం నా పని.

పైపులు, వాల్వులు బిగించాక వాటిలో నీళ్లు నింపి, రేపు మోయబోయేదానికంటే ఎక్కువ ఒత్తిడి పెట్టి చూస్తారు. ఎక్కడైనా బిగింపు వదిలితే ఆ నీటి దెబ్బకు ఎదురుగా ఉన్న మనిషి బతకడు. అందుకే చుట్టూ తాడు కడతారు. లోపలికి వెళ్లిన ప్రతి మనిషీ బయటికి వచ్చాడని రిజిస్టరులో తేలాకే పంపు వేస్తారు. పేరూ ఊరూ నేను రాస్తాను. వచ్చేటప్పుడు ఆ పేరుకెదురుగా వాళ్లు సంతకం పెడతారు.

ఒక్క పేరు రాయడానికి నాకు చాలాసేపు పడుతుంది. కూలీలు వరుసలో నిలబడి గొణుగుతుంటారు. రాసిన ప్రతి పేరూ, ఆ మనిషి ముఖమూ సాయంత్రం దాకా నా కళ్ల ముందే ఉంటాయి. అందుకే ఆనాటి సంగతి నాకు మింగుడు పడదు.

ఆ రోజు మధ్యాహ్నం, భోజనాలకు ముందు, లోపలివాళ్లంతా వచ్చేశారు. క్వాలిటీ ఇంజనీరు భాస్కర్ సార్ వచ్చి రిజిస్టరు మీద వేలు జరుపుతూ ఒకచోట ఆగాడు.

"పెద్దమ్మా, ఈ ఓబులేసు యాడ?"

చూశాను. పన్నెండో వరుసలో "ఓబులేసు, వెలుగోడు" అని ఉంది. ఎదురుగా సంతకం లేదు. చేతిరాత నాదే. నేను పెన్ను గట్టిగా నొక్కి రాస్తాను, కాగితం వెనక తడిమితే అక్షరాలు తగులుతాయి. అవీ అలాగే తగిలాయి. కానీ ఆ పేరు గల మనిషిని నేను చూడలేదు.

మేస్త్రీ మద్దిలేటి నవ్వాడు. "ఓబులేసూ లేడు, గీబులేసూ లేడు సార్. నా మనుషులు పదకొండు మందే. అక్కకు కొత్తగా రాసేదొచ్చింది. చెయ్యి ఊరికే ఉండక ఇంగొకటి గీకింటాది."

అందరూ నవ్వారు. "కొట్టెయ్యక్కా, పొద్దున్నుంచి కాసుకోనుండాం" అన్నాడు మేస్త్రీ.

పొరపాటున రాశానంటే ఆ నవ్వులు ఆగేవి. పెన్ను తీశాను. గీత గీయడానికి చెయ్యి రాలేదు.

"రాసింది నేనే సార్. ఎప్పుడు రాసినానో తెలీదు. కొట్టేసేది మాత్రం నాతో కాదు."

"ఏందక్కా, ఎండ తలకెక్కిందా?" అన్నాడు మద్దిలేటి.

సార్ రిజిస్టరు మూసి నా చేతికిచ్చాడు. "పేరుంటే లోపల మనిషి ఉన్నట్టే. పోయి ఎతకండి."

తిట్టుకుంటూ వెళ్లారు. ఓబులేసు దొరకలేదు. చివరి పైపుల వెనక నీడలో, రంగులేసే సుంకన్న దొరికాడు. జ్వరంతో, ముఖం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. తాడు వదులైన చోట దూరి వచ్చాడట. గేటు దగ్గరికే రాలేదు, అతని పేరు నేను రాయలేదు. పైపు కొసను మూసిన ఇనుప బిళ్ల అతని తలకు మూరెడు దూరంలో ఉంది.

మద్దిలేటే అతన్ని భుజాన వేసుకుని తెచ్చాడు. నా బల్ల పక్కన దించి, మళ్లీ నవ్వలేదు.

లోపల ఇంకెవరూ లేరని సార్ మూలమూలా తిరిగి చూశాకే పంపు వేశారు. ఆ బిళ్ల బోల్టులన్నీ ముందురోజు సార్ స్వయంగా చూసి పసుపు గీత గీసినవే. అయినా ఒత్తిడి పెరిగే కొద్దీ సరిగ్గా అక్కడే, నీళ్లు కారకుండా బిళ్ల వెనక పెట్టిన గ్యాస్కెట్ చీలింది. సుంకన్న వదిలేసి వచ్చిన రంగు డబ్బా ఆ నీటి దెబ్బకు సొట్టపడి తాడు అవతల పడింది. సార్ ఆ డబ్బాను తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

ఓబులేసు నీకు తెలుసా అని సుంకన్నను అడిగాను. "ఎవరు పెద్దమ్మా ఆయప్ప?" అన్నాడు. అతనిది పాములపాడు. సార్ కాంట్రాక్టర్ల జాబితాలన్నీ వెతికించాడు, ఆ పేరు లేదు. నేను బస్సెక్కి వెలుగోడు వెళ్లి విచారించాను. ఆ పేరుగలవాళ్లు ముగ్గురు కనబడ్డారు. ఎవరూ మా స్టేషన్ వైపు రాలేదన్నారు. ఆ ముఖాలు నేనూ ఎన్నడూ చూసినవి కావు.

ఎండకు మతి తప్పి రాశావేమో అంటుంది మా కోడలు. కావచ్చు. అయితే ఆ పేరే ఎందుకు రాశాను, ఆ రోజే ఎందుకు రాశాను?

ఆ సాయంత్రం పేజీ ముగించాలి. ఓబులేసుకు ఎదురుగా ఏం రాయాలని సార్‌ను అడిగాను. ఆయన ఆ గడి ఖాళీగా వదిలేసి, కింద సంతకం పెట్టాడు. ఆ మనిషి లోపలికి వెళ్లాడా, వెళితే ఎప్పుడు బయటికి వచ్చాడు అని ఎవరైనా అడిగితే, రిజిస్టరు రాసిన నా దగ్గర ఈ రోజుకీ జవాబు లేదు.