ఎమ్మిగనూరు నుంచి వచ్చిన జవాబు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. నేను రాసిన ప్రోగ్రాముల మీద అంతకన్నా తక్కువ. కాబట్టి ఇది దయ్యం పనని అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఎనభైల చివర్లో ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో కంప్యూటరు చూసుకునే ఉద్యోగం నాది. మా సేటుకే ఎమ్మిగనూరులో ఇంకో మిల్లు ఉండేది. రెండు చోట్లా ఒక్కో కంప్యూటరు, పక్కన మోడెం. టెలిఫోను రిసీవరును దాని రబ్బరు గుంతల్లో బోర్లా పెడితే, అది ఈలలు వేస్తూ అవతలి యంత్రంతో మాట్లాడేది. మిల్లులో అందరూ దాన్ని మొండెం అనేవారు. చేసేది తలలేని పనే కదా అని నేనూ సరిదిద్దలేదు.

నా ప్రోగ్రాము చేయాల్సింది ఒక్కటే. ఆదోని నుంచి పత్తి బేళ్లెన్ని అని అడిగి, ఎమ్మిగనూరులో గుమాస్తా రసూల్ కొట్టి ఉంచిన అంకెను తెచ్చి ఇక్కడ చూపాలి. అడిగేది. జవాబు అందగానే కుప్పకూలేది. అది పడిపోయినప్పుడల్లా సేటుతో నేను మాటలు పడేవాణ్ణి. చివరికి ఆయన గొంతు పెంచకుండానే తేల్చేశాడు.

"శుక్రవారం నమాజుకు పోయేలోపల ఇది నిలబడల్లప్పా. లేకుంటే నిన్నూ దీన్నీ ఒకే లారీలో హైదరాబాదుకు పంపిస్తా."

నాకు పెళ్లయి ఏడాది కాలేదు. వేరే ఉద్యోగం కనుచూపు మేరలో లేదు.

ముందు మోడెం విప్పాను. దూది నుసి, రిసీవరుకంటిన తలనూనె కలిసి గుంతల్లో నల్లటి పిడచలయ్యాయి. మధ్యలో బొద్దింక కాళ్లు. వేలితో గీకి తీశాను. మధ్యాహ్నం అన్నం కలపబోతూ ఆ వేలిని చూసుకుని చెంచా అడిగాను. ఇంత చేసినా ప్రోగ్రాము పడింది.

అప్పుడు, వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు తెర మీద చూపేలా ఒక వరుస చేర్చాను. అంకె లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో 'నీళ్లు' అని ఉంది. అంకె కోసం కాచుకున్న ప్రోగ్రాముకు మాట అందితే కూలక ఏం చేస్తుంది? మళ్లీ అడిగాను. మళ్లీ నీళ్లే.

రసూల్ వేళాకోళం చేస్తున్నాడని ఫోనులో తిట్టాను. కొన్నాళ్లుగా వాంతులతో నీరసించి ఉన్నాడు పాపం. అక్కడ సగం మంది కూలీలదీ అదే పరిస్థితి. హోటల్లో తిన్న బొరుగుల ఉగ్గాని పడలేదని అందరూ అనుకుంటున్నారు.

"నేను అంకెలే కొట్టినా అన్నా," అన్నాడు. "మాటలు రాయనీకి నాకు ఇంగ్లీషు యాడొస్తాది?"

గురువారం పొద్దున బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్లాను. రసూల్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అంకె నేనే కొట్టాను, సరిచూసుకున్నాను. ఆదోనిలో మీట నొక్కడానికి సేటే కూర్చున్నాడు. ఈలలు ఆగాక రిసీవరు చెవికి పెట్టుకున్నాను.

"మళ్లా పడిందప్పా," అన్నాడాయన. "అదే మాట వచ్చినాది. నీళ్లు."

నా నోరెండిపోయింది. రసూల్ చెంబుతో నీళ్లు తెచ్చాడు. ఆ మాట విన్నాక తాగబుద్ధి కాక వాసన చూశాను. కుళ్లు. దూది నుసితో ముక్కులు దిబ్బడేసిన వాళ్లకు అది తెలియలేదేమో.

అక్కడ తాగునీటి తొట్టి మీద, దూది పడకుండా, ఎప్పుడూ గోనెపట్టా కప్పి ఉంచేవారు. ఎవరైనా ఒక మూల ఎత్తి, ముంచుకుని, వెంటనే మూసేయాల్సిందే. లోపలికి తొంగి చూసేవాళ్లు లేరు. పట్టా మొత్తం లాగించాను. అవతలి మూల పందికొక్కు. ఉబ్బి, పొట్ట పగిలి ఉంది. దాని చుట్టూ జిడ్డు తెట్టు, ఊడిన బొచ్చు. రసూల్ గోడ పట్టుకుని కక్కుకున్నాడు. నేను పెద్దమనిషిలా బయటికెళ్లి కక్కుదామని పరిగెత్తాను గానీ గడప దాటలేకపోయాను.

తొట్టి తోడించి, సున్నం వేసి రుద్దించాను. సాయంత్రం సేటు చేత మళ్లీ అడిగించాను. నేను కొట్టిన అంకె వచ్చింది. ప్రోగ్రాము నిలబడింది. ఆ తర్వాత ఎన్నడూ అలా కూలలేదు.

లైను మీద రొదకు అక్షరాలు చెడతాయని నాకు తెలుసు. చెడిన ప్రతిసారీ అదే మాటగా ఎలా కూడతాయో తెలియదు. ఎందరినో అడిగాను. నవ్వారు.

శుక్రవారం నమాజుకు బయల్దేరుతూ సేటు నా బల్ల దగ్గర ఆగాడు. ఏం బాగు చేసినావప్పా, అని అడిగాడు. జవాబును తెర మీద చూపే ఆ ఒక్క వరుస తప్ప నేను ప్రోగ్రాములో ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.

"తొట్టి కడిగించినాను సేట్," అన్నాను.

ఆయన నవ్వలేదు. అంతకన్నా మంచి జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు.