ఎవరూ అడగకపోతే

కొత్త లినక్స్ రిలీజు సిద్ధమైన రోజు నేను మొదట తెరిచేది, తెర మీది తెలుగును చదివి వినిపించే ప్యాకేజీనే. ముక్కుతో మాట్లాడినట్టుండే ఆ యంత్రం గొంతు "స్వాగతం" అనగానే, పక్కన గంగరాజు గారు కూర్చుని "పలుకుతన్నాది, పద" అన్నట్టే ఉంటుంది నాకు.

రాజాంలో ఆయన దగ్గరే నా మొదటి ఉద్యోగం. చుట్టుపక్కల కాలేజీలకు, కంప్యూటర్లను నడిపే లినక్స్ సాఫ్ట్‌వేరును కావలసినట్టుగా కూర్చి ఇచ్చే చిన్న ఆఫీసు. ఆయనది శ్రీకాకుళం తీరంలో చేపల వేటకెళ్ళే కుటుంబం. మాది బొబ్బిలిలో కిరాణా కొట్టు. మధ్యాహ్నం ఆయన క్యారేజీ మూత తీస్తే గదంతా చేపల పులుసు వాసన. నేను తిననని నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఆ పులుసు ఎంత బాగుందో తినడం అయ్యేదాకా వర్ణించేవారు మహానుభావుడు!

కొత్త లినక్స్ వచ్చినప్పుడల్లా మాకు ఒకటే తగువు. పాతదానిలోని ప్యాకేజీల్లో, అంటే చిన్న చిన్న ప్రోగ్రాముల్లో, కావాలని ఎవరూ చెప్పనివాటిని ఏం చెయ్యాలి? ఆయన సెట్టింగు 'వదిలెయ్', అంటే కొత్తదానిలోకి తీసుకెళ్ళొద్దని. ఎప్పుడో ఎవరూ చూడని పాత ప్యాకేజీ ఒకటి వెంట వచ్చి, ల్యాబు పరీక్ష మధ్యలో కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయట. "కొత్త పడవెక్కించే ముందు వల సూసుకోవాలా వద్దా? సూడని వల నడి సముద్రంలో తెగితే వేటంతా పోతాది," అనేవారు. నేను ఊరుకునేదాన్నా! "నెల సామాన్ల చీటీలో ఉప్పు రాయడం మరిచిపోతే, మా నాన్న ఉప్పు కట్టకుండా పంపేస్తాడా సార్?" అనేదాన్ని. "ఒలమ్మా, కొట్టు తెరిసీసింది," అని నవ్వేసేవారు. సెట్టింగు మాత్రం మార్చేవారు కాదు. మొండిఘటం.

ఒక ఏడు ఎప్పటిలాగే ఎవరికేం కావాలో చెప్పమని కాలేజీలకు మెయిలు పెట్టాం. అంతకు ముందు రిలీజులోనే చేరిన తెలుగు చదివే ప్యాకేజీని ఎవరూ అడగలేదు, అది పాతదానిలోనే ఆగిపోయింది. కొత్తది ఎలా ఉందో చూద్దామని ముందుగా నెల్లిమర్ల దగ్గర ఒక కాలేజీలో ఎక్కించాం. అక్కడి లైబ్రరీలో పైడమ్మ గారు పనిచేసేవారు. ఆవిడకు చూపు లేదు. కంప్యూటరు చదివి వినిపిస్తేనే ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో తెలిసేది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని చాలాసేపు మీటలు నొక్కారు.

"ఏటి బాబూ, మాటాడదేటిది?" ఆవిడ హెడ్‌ఫోన్లు తీసేశారు. "ఇది మూగదైపోతే నా ఉద్యోగం ఉంటాదా?"

"మెయిలు పెట్టాం కదమ్మా. కావాలని సెప్పలేదేటి?" అన్నారు గంగరాజు గారు మెల్లగా.

"రోజూ మాటాడేదాన్ని కావాలని ఎందుకు అడుగుతాను?"

ఆయన అలవాటుగా వల సంగతి ఎత్తుకున్నారు. ఆవిడ ఆసాంతం విన్నారు.

"బాగుంది బాబూ. వల సూసుకోమన్నారు సరే. నన్ను తీసుకెళ్ళండని వలే వచ్చి అడగాలన్నారేటి మీవోళ్ళు?"

నేను నవ్వాపుకోలేక తల దించుకున్నాను. ఆయన బుర్ర గోక్కున్నారు. "దొరికిపోయాన్రా దేవుడా," అని ఫక్కున నవ్వి, అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పాత ప్యాకేజీని కొత్తదానికి సరిపడేలా మార్చి పెట్టేసరికి సాయంత్రమైంది. గొంతు వినబడగానే పైడమ్మ గారు "అమ్మయ్య" అన్నారు చూడండి, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు ఆయన అన్ని కాలేజీలకూ స్వయంగా రాశారు: "నా పద్ధతి తప్పు. ఇకమీదట అడగకపోయినా అన్నీ తీసుకెళ్తాం. ఒక్కొక్కటీ తెరిచి చూసే పని మాది." అంత పెద్దమనిషి, తప్పు అన్న మాటను అంత తేలిగ్గా రాయడం చూసి ఆయన మీద నాకు ప్రేమ పుట్టుకొచ్చింది.

ఇప్పుడు ఆయన లేరు. ఆయన కుర్చీలో నేను కూర్చుంటున్నాను. కొత్తగా చేరినవాళ్ళు ప్రతిసారీ ఏదో ఒక ప్యాకేజీ చూపించి, "మేడం, దీన్ని ఎవరూ అడగలేదు, తీసేద్దామా?" అంటారు.

"అడగలేదు కదా, అందుకే ముందు దాన్ని తెరిచి చూడు," అంటాను.