పరంజ్యోతి కేకు మీద శంఖుపూలు

బిట్రగుంట రైల్వే కాలనీలో రెబెక్కమ్మకు పక్కింట్లో కాపురమంటే ఏడాది పొడవునా గుడ్లు గిలక్కొట్టడమే. గుడ్డు ముట్టని ఇంట పుట్టినదాన్ని నేను. కేకు నోట్లో పెట్టకపోయినా గిన్నె మాత్రం నా ఒళ్ళోకే వచ్చేది. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఆమెకు ఓపిక ఎక్కువ. అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

చిన్నప్పుడు దొరల బంగళాలో వంటపనికి పోయి నేర్చుకున్న విద్య ఆమెది. ఇసుక పోసిన ఇనపకుండలో కేకు పెట్టి, కిందా మీదా నిప్పులు వేసేది. కాగితం పొట్లం చుట్టి, కొస కత్తిరించి, చక్కెర ముద్ద పిండిందంటే రేకు రేకునా పువ్వు విచ్చుకునేది. అయినా కాలనీలో పెద్ద విందులకు కేకులు మద్రాసు నుంచే దిగేవి.

అరవై మూడులో ఆ రాత మారింది. డ్రైవరు పరంజ్యోతి ఇంజను దిగి స్టేషను ఆఫీసులో పనికి మారాడు. మోకాళ్ళ నొప్పులని అందరూ అనుకున్నారు. శనివారం సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఆయనకు సన్మానం. ఆ కేకు రెబెక్కమ్మనే చెయ్యమన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఇద్దరికీ కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆ కబురు తెచ్చిన గార్డు జయరామయ్య రంగులు కూడా తనే చెప్పాడు. "డ్రైవరు కేకు గదమ్మా, చుట్టూ ఆకుపచ్చ పూలు పెట్టండి. ఆకుపచ్చంటే లైన్ క్లియరు, బండి పోవచ్చు."

"యాడన్నా ఆకుపచ్చ పూలుంటాయా? నడుమ ఎర్ర గులాబీలు ఉండాల్సిందే," అన్నాను నేను.

"ఎరుపు చూస్తే బండి ఆగిపోద్దమ్మా."

"కేకు కోసేదానికి ఆగాల్సిందే గదయ్యా."

రెబెక్కమ్మ నవ్వి రెండూ పెడతానంది. మా కాలనీలో ఒక ఆచారం ఉండేది. సన్మానం అందుకునే మనిషి కేకు కోయక ముందు నచ్చిన పువ్వు తీసి, దాని రంగు చెప్పి భార్య పళ్ళెంలో పెట్టాలి. ఏ రంగు తీస్తాడని హాలంతా గోల చేస్తుంది. ఎరుపంటాడా, ఆకుపచ్చంటాడా అని నేనూ జయరామయ్యా అప్పుడే పందెం వేసుకున్నాం.

గురువారం మధ్యాహ్నం పరంజ్యోతి భార్య ప్రేమలీల వచ్చి, తలుపు దగ్గరగా వేసి కూర్చుంది.

"అక్కా, ఆ రెండు రంగులూ వద్దు. ఆయనకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటిగా కనపడతా ఉండాయి. మొన్న పండు టమాటాలు తెమ్మంటే సంచి నిండా పచ్చి కాయలు తెచ్చినాడు. నేను నవ్వినా, ఆయన నవ్వలా. మర్నాడే పోయి డాక్టరుకు చెప్పేసి ఇంజను దిగినాడు. మోకాలన్నది మేం చెప్పిన మాట. అందరి ముందరా ఎరుపని చెప్పి ఆకుపచ్చ తీసినాడనుకో, ఇన్నాళ్ళూ గుడ్డోడు బండి నడిపినాడంటారు."

రెబెక్కమ్మ ఒకటే అడిగింది. "ఏ రంగులు బాగా కనపడతాయి?"

"పసుపు, నీలం."

పసుపు సులువే, చిటికెడు పసుపు వేస్తే బంతిపూలు. నీలం రంగు మాత్రం మా ఊళ్ళో దొరకదు. మద్రాసు నుంచి తెప్పించే వ్యవధి లేదు. నాకు మా వెనక కంచె మీద శంఖుపూలు గుర్తొచ్చి పరిగెత్తాను. కొంగు నిండా కోసుకొచ్చి, కొంచెం వేన్నీళ్ళలో పిండితే సిరాలాంటి నీలం దిగింది. రెబెక్కమ్మ నా బుగ్గ గిల్లింది.

శనివారం పొద్దున చక్కెర ముద్దలో ఆ నీలం కలిపి, అలవాటుగా నిమ్మకాయ పిండింది. చూస్తుండగానే నీలమంతా గులాబీ రంగుకు తిరిగింది. "కొంప ముంచినావు గదక్కా," అని నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆమె ఇంట్లో చక్కెర అయిపోయింది. పాయసానికని దాచిన నా డబ్బా తెచ్చి ఆమె ముందు బోర్లించాను. ఈసారి నిమ్మకాయను నేనే వీధిలోకి విసిరేశాను. గుడ్డు తెల్లసొనలో నీలం నీలంగానే నిలబడింది. దాంతో ఆమె పిండిన శంఖుపూలు చూస్తే నాకు ఈలలు వెయ్యాలనిపించింది.

సాయంత్రం హాలు కిక్కిరిసింది. జయరామయ్య కేకు చూసి, "ఆకుపచ్చ ఏదమ్మా?" అన్నాడు.

"బండి దిగిన మనిషికి సిగ్నలెందుకయ్యా?" అన్నాను. అందరూ నవ్వారు.

"నీలమా, పసుపా?" అని గోల మొదలైంది. పరంజ్యోతి కేకు మీదికి వంగి చాలాసేపు చూశాడు. ప్రేమలీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన చెయ్యి తడబడకుండా ఒక శంఖుపువ్వు తీసి, "నీలం," అని ఆమె పళ్ళెంలో పెట్టాడు. చప్పట్లు మోగాయి. గండం గడిచిందని రెబెక్కమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆయన కత్తి తీసుకోలేదు. పూలు లెక్కపెట్టాడు. పసుపువి పదకొండు, నీలంవి ఇంకా ఎనిమిది. భార్య వైపు చూశాడు, మా వైపు చూశాడు.

"నా మోకాళ్ళకు ఏమీ లేదు," అన్నాడు. "ఎరుపూ ఆకుపచ్చా నాకు కలిసిపోతా ఉండాయి. అది తెలిసిన మర్నాడే నేనే పోయి చెప్పి దిగినా. మీకు చెప్పేదానికి సిగ్గుపడినా. ఈ పూలు పెట్టినోళ్ళు నాకు ఒక్కటి కూడా కనపడకుండా పోకూడదనుకున్నారు. ఇంక నాకు సిగ్గెందుకు?"

పన్నెండేళ్ళు ఆయన నడిపే బండి వెనక పెట్టెలో కూర్చుని వచ్చిన జయరామయ్య లేచి, తన పళ్ళెం ముందుకు చాపాడు.

"అన్నా, నాకూ ఒక నీలం పువ్వు పెట్టు."

వెనకాలే ఒక్కొక్కరూ పళ్ళేలు పట్టుకుని వరస కట్టారు. ఆ వరసలో నేనూ నిలబడ్డాను. నేను కేకు తిన్నది అదే మొదటిసారి.