రీనా ముక్కు, నూకమ్మ లెన్సు

మా బర్మామైన్స్ పేటలో ఫోటో స్టూడియో నడిపే నూకమ్మ ఎవరినీ నమ్మదు. పాలవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి, పాలు కాచి చూశాకే పంపిస్తుంది. పక్క కొట్లో బట్టలు కుట్టే నన్ను కూడా, ఇన్నేళ్ళ స్నేహంలో, ఒక్కనాడూ పూర్తిగా నమ్మలేదు. ఆమె నమ్మింది ఒక్క తన కెమెరానే. అదే కొంప ముంచింది.

వెనక సందులో ఉండే రీనాకి ఇదే ఊళ్ళోని బారిడీహ్ నుంచి ఒక సంబంధం మాటల్లో ఉంది. పనుల కోసం ఈ హిందీ ఊరికి వచ్చి స్థిరపడ్డ మా శ్రీకాకుళం వాళ్ళలో ముందు ఫోటో వెళ్తుంది, అది నచ్చితే మనుషులు వస్తారు. నూకమ్మ తీసిన ఫోటో వెళ్ళింది, మనుషులు మాత్రం రాలేదు. పిల్లకి మొహమంతా ముక్కేనని అబ్బాయి మేనత్త అందట. రీనా ముక్కు నేను రోజూ చూస్తున్నదే, దానికేం రోగం? నూకమ్మది పెళ్ళిగుంపుల్ని తీసే వైడ్ లెన్సు. తొమ్మిదడుగుల గదిలో మొహం మీదకి వెళ్ళి తీస్తే ముందుగా ఉన్న ముక్కే పెద్దదవుతుంది. తనవల్ల ఒక పిల్ల మాట పడిందని నూకమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

దూరంగా నిలబడి మొహాలు తీసే ఎయిటీ ఫైవ్ లెన్సుని టెల్కో కాలనీలో ఎవరో అమ్ముతున్నారని తెలిసి, నన్ను తోడు రమ్మంది. అమ్మే అబ్బాయి సిద్ధార్థ్, ఇంజనీరు. కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ఆ మర్యాదతోనే ఆమెకి అనుమానం మొదలైంది.

"ఏటి బాబూ, ఇంత సవగ్గా ఇచ్చెత్తన్నావు?"

తను ఇప్పుడు పక్షుల ఫోటోల్లో పడ్డాననీ, దీంతో పని లేదనీ అతను చెప్పాడు. పిట్టల కోసం మనుషుల్ని వదిలేసేవాడు ఉంటాడా అని ఆమె నా చెవిలో గొణిగింది. ఫంగస్ పట్టిందేమోనని లెన్సులోకి టార్చి వేసి వెతికింది. రింగు తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకుని విన్నది. చివరికి అతన్నే కూర్చోబెట్టి పాత లెన్సుతో ఒకటి, దీంతో ఒకటి ఫోటోలు తీసింది. రెండో దాంట్లో అబ్బాయి దొరబాబులా ఉన్నాడు. దాంతో అనుమానం ఇంకా ముదిరింది.

"ఇది ఎవులినైనా మంచోళ్ళలాగ సూపించెత్తాది," అంది.

నాకు విసుగొచ్చి, కొంటావా, ఇంటికి పోదామా అని గట్టిగానే అడిగాను. కొంది.

కొత్త లెన్సుకి ఆ గది చాలలేదు. రీనాని లోపల కూర్చోబెట్టి, నూకమ్మ సందులో నిలబడి, వచ్చిపోయే బళ్ళని ఆపి మరీ తీసింది. ఫోటో అచ్చం రీనాలాగే వచ్చింది. దాన్ని బారిడీహ్‌కి పంపితే సాయంత్రానికి ఆ మేనత్తే స్టూడియోకి ఫోన్ చేసింది.

"ముక్కు తగ్గించినారేటి? రెంట్లో ఏది నమ్మమంటారు?"

నూకమ్మ మొహం పాలిపోయింది. ఊరందరినీ ఆ ప్రశ్న అడిగే మనిషికి, తనని ఎవరైనా అడిగితే ఎలా ఉంటుందో తెలియదు పాపం. లెన్సు సంగతి చెప్పబోతే ఆవిడ వినలేదు. పక్కనే ఉన్న రీనాకి రోషం వచ్చింది. "ఛోడో ఆంటీ, వదిలెయ్" అని తన ఫోన్‌తో ఆవిడకే వీడియో కాల్ కలిపి, మొహానికి దగ్గరగా పెట్టుకోబోయింది. నూకమ్మ గభాలున దాన్ని లాక్కుంది. ఫోన్‌లో ఉండేదీ వైడ్ లెన్సే. వెనక్కి వెనక్కి నడిచి, గుమ్మం దాటి, సందులో నిలబడి ఫోన్‌ని రీనా వైపు తిప్పి పట్టుకుంది.

"ఇప్పుడు సూడండమ్మా. ఎదురుగున్న పిల్లని సూడండి."

ఆవిడ రీనాని అటు తిరగమంది, ఇటు తిరగమంది. తర్వాత, ఆదివారం అబ్బాయితో కలిసి వస్తామంది ఆవిడ. రీనా తల దించుకుని నవ్వింది. నాకు కళ్ళు చెమర్చాయి. నూకమ్మ మాత్రం ఫోన్ దించలేదు.

"నిజంగా వత్తారా?" అని అడిగింది.